డిజిటల్ యాక్సెసిబిలిటీ

వెబ్‌సైట్లు, యాప్‌లు, వీడియో గేమ్‌లను దివ్యాంగులు సైతం ఎవరి సాయమూ లేకుండా వాడుకునేలా రూపొందించడమే డిజిటల్ యాక్సెసిబిలిటీ. ఎలక్ట్రానిక్ సమాచారం అందరికీ అందాలని 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం నిర్దేశించింది. డిజిటల్ సేవల అందుబాటు జీవించే హక్కులో భాగమని 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు తీర్పునిచ్చింది.

టీనేజీ పిల్లలకు ఈ విషయం నేర్పడానికి ఆటలు చక్కని సాధనం. 2015లో వచ్చిన ‘ఎ బ్లైండ్ లెజెండ్’ గేమ్‌ను బొమ్మలతో పనిలేకుండా, హెడ్‌ఫోన్లలో శబ్దం ఎటునుంచి వస్తోందో పసిగట్టి ఆడాలి. ఆండ్రాయిడ్ ఫోన్‌లో, తెరపై ఉన్నవాటిని చదివి వినిపించే టాక్‌బ్యాక్ ఆన్ చేసి, తెర చూడకుండా మామూలు గేమ్ ఆడమంటే, పేరు పెట్టని మీటల దగ్గర ‘బటన్’ అన్న మాటే వినిపించవచ్చు. ఏది నొక్కాలో తెలియదు. లోపం తయారీదేనని పిల్లలకు అప్పుడు అర్థమవుతుంది. కాసేపు కళ్లు మూసుకున్నంత మాత్రాన అంధుల జీవితం తెలిసిపోదు. అందుకే ఈ పాఠాలు చెప్పేవారిలో దివ్యాంగులూ ఉండాలి.