అజినోమోటో – మహిళల పునరుత్పత్తి ఆరోగ్యం

నూడుల్స్, ఫ్రైడ్ రైస్, సూప్ పొడుల వంటి వాటిలో రుచిని పెంచేందుకు వాడే మోనోసోడియం గ్లుటామేట్‌ను వాడుకలో అజినోమోటో, టేస్టింగ్ సాల్ట్ అంటారు. ప్యాకెట్లపై దీని సంకేత సంఖ్య 621. ఇది సంతానలేమికి కారణమవుతుందన్న సందేహానికి శాస్త్రీయ మూలం ఏమిటో, దానిని మనుషులకు ఎంతవరకు అన్వయించవచ్చో విస్తరణ శాస్త్రవేత్తలు తెలుసుకోవడం అవసరం.

1969లో జాన్ ఓల్నీ అనే అమెరికా శాస్త్రవేత్త అప్పుడే పుట్టిన ఎలుక పిల్లలకు కిలో శరీర బరువుకు 0.5 నుండి 4 గ్రాముల గ్లుటామేట్‌ను చర్మం కింద సూదిమందుగా ఇచ్చారు. మెదడులోని హైపోథాలమస్ కణాలు దెబ్బతిని, పెరిగిన తరువాత వాటిలో స్థూలకాయం, ఆడ ఎలుకల్లో వంధ్యత్వం కనిపించాయి. అండాశయాన్ని నడిపించే పిట్యూటరీ హార్మోన్లు హైపోథాలమస్ అదుపులో ఉండటమే ఇందుకు కారణం.

అయితే 50 కిలోల మహిళకు ఈ గరిష్ఠ మోతాదు 200 గ్రాములతో సమానం. పైగా ఆహారంలోని గ్లుటామేట్‌లో అధిక భాగాన్ని పేగు కణాలే శక్తి కోసం వినియోగించుకుంటాయి. కనుక సూదిమందు ఫలితాలను భోజనానికి నేరుగా అన్వయించరాదు. 2017లో ఐరోపా ఆహార భద్రతా సంస్థ గ్లుటామేట్ల రోజువారీ పరిమితిని కిలో శరీర బరువుకు 30 మిల్లీగ్రాములుగా, అంటే 50 కిలోల వ్యక్తికి 1.5 గ్రాములుగా నిర్ణయించింది. మన దేశంలో దీనిని కలిపిన ప్యాకెట్లపై 12 నెలల లోపు శిశువులకు తగదన్న హెచ్చరిక తప్పనిసరి.

ఆహారపు మోతాదులో ఇది మహిళల్లో సంతానలేమి కలిగిస్తుందని రుజువు కాలేదు. అలాగని దీనిని కలిపిన చిరుతిళ్లు గర్భిణులకు మేలు చేయవు. అవి కడుపు నింపినా, వాటిలో ఉప్పు, నూనె ఎక్కువ. ఇనుము, మాంసకృత్తులు తక్కువ. ఐదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019–21) ప్రకారం తెలంగాణలో 15–49 ఏళ్ల మహిళల్లో 57.6 శాతం మందికి రక్తహీనత ఉంది. గర్భిణికి, శిశువుకు అసలు ముప్పు ఇదే.

కాబట్టి మెదక్ జిల్లా నిజాంపేట వంటి గ్రామీణ మండలాల్లో అవగాహన సదస్సులు నిర్వహించేవారు ఒక్క పదార్థాన్ని చూపి భయపెట్టకూడదు. ప్యాకెట్‌పై వివరాలు చదవడం నేర్పాలి. చిరుతిళ్లకు బదులు జొన్న రొట్టె, పప్పు, ఆకుకూరలు, గుడ్డు తీసుకోవాలని, ఆరోగ్య లక్ష్మి పథకం కింద అంగన్‌వాడీలో ఇచ్చే పూటభోజనాన్ని గర్భిణులు, బాలింతలు వదులుకోవద్దని సూచించాలి.