మొక్కనాడు అన్నీ ఒక్కలాగే - కాపునాడు తేడాలు
ఉద్దానం రైతు తెలుసుకోవలసిన కొబ్బరి గురుతులు

పలాస: ఇంటికి పెద్దకొడుకు లాంటిది కొబ్బరి చెట్టు అంటారు ఉద్దానంలో. ఆ పెద్దకొడుకులు 2018 అక్టోబరు 11న ఒక్క పూటలో నేలకొరిగారు. ఆ తెల్లవారుజామున పలాసకు సమీపంలో తీరం దాటిన తిత్లీ తుపాను వజ్రపుకొత్తూరు, మందస, సోంపేట, కవిటి ప్రాంతాల్లో తాతల నాటి తోటలను తుడిచిపెట్టింది. తిత్లీ అంటే సీతాకోకచిలుక అట. పేరు ఎంత సుకుమారమైనదో పని అంత కర్కశంగా చేసి పోయింది.

పోయిన చెట్టుకు బదులు మొక్క వేయక తప్పదు. చిక్కంతా అక్కడే ఉంది. ఏడాది వయసున్న కొబ్బరి మొక్కల్ని వరుసగా నిలబెడితే ఏది పొడుగు రకమో, ఏది పొట్టి రకమో, ఏది సంకర రకమో పైచూపుకు తెలియదు. పొరపాటు బయటపడేది కాపు సమయానికి. అప్పటికి ఐదారేళ్లు నీరు పోసి, ఎరువు వేసి, కంచె కట్టి పెంచి ఉంటారు. వంగ నారు తప్పయితే ఒక పంట పోతుంది. కొబ్బరి మొక్క తప్పయితే వయసులో కొంత భాగమే పోతుంది.

మూడు రకాలు - మూడు తీరులు

ఉద్దానంలో తాతలు వేసినది తూర్పు కోస్తా పొడుగు రకం. ఇది కాపుకు రావడానికి ఆరేడు ఏళ్లు పడుతుంది. వచ్చాక అరవై ఏళ్లు, ఇంకా పైన కూడా కాస్తుంది. కొబ్బరి దళసరిగా ఉంటుంది. నూనెకూ, ఎండు కొబ్బరికీ ఇదే మేలు.

పొట్టి రకాలు మూడు నాలుగేళ్లకే కాస్తాయి. గెల చేతికి అందుతుంది. నీరు తియ్యగా ఉంటుంది కనుక బొండాలకు గిరాకీ. కాని వీటి ఎండు కొబ్బరి తోలులా సాగుతుంది, నూనెకు అంతగా పనికిరాదు. చెట్టు ఆయువు కూడా తక్కువ.

ఈ రెంటికీ పుట్టినవి సంకర రకాలు. పొడుగు, పొట్టి రకాలను కలిపి శాస్త్రజ్ఞులు తొలిసారి సంకర కొబ్బరిని పుట్టించినది 1932లో, కేరళలోని నీలేశ్వరంలో. మన రాష్ట్రంలో అంబాజీపేట పరిశోధనా స్థానం నుంచి వచ్చిన గోదావరి గంగ ఈ కోవలోనిదే. తూర్పు కోస్తా పొడుగు రకం తల్లి, గంగబొండం తండ్రి. సంకర రకాలు నాలుగైదేళ్లకు కాపుకు వస్తాయి, దిగుబడి కూడా ఎక్కువ. అయితే నీరు, ఎరువు అందించగలిగిన వారికే ఆ దిగుబడి.

ఎదిగిన చెట్టుకు గురుతు మొదట్లోనే

తోటలో పెరిగిన చెట్టు రకం పోల్చుకోవడం తేలిక. పొడుగు రకానికి నేల దగ్గర మాను కుండలా ఉబ్బి ఉంటుంది. పొట్టి రకానికి ఆ ఉబ్బు ఉండదు. మాను సన్నగా మొదలై అదే తీరున పైకి పోతుంది. మట్టలు రాలిన మచ్చలు పొడుగు రకం మానుమీద ఎడంగా, పొట్టి రకం మీద దగ్గర దగ్గరగా ఉంటాయి. గంగబొండాన్ని కాయే చెబుతుంది. అది గుండ్రంగా ఉండక బొప్పాయిలా సాగి ఉంటుంది.

మొక్కలో చూడవలసినవి

మొక్కకు ఈ గురుతులు ఉండవు. అక్కడ చూడవలసినది ఆకు మట్ట మొదలు రంగు, మొక్క మొదలు లావు.

మట్ట రంగు చూసి మోసపోయేవారే ఎక్కువ. పొడుగు రకంలోనూ మట్టలు ఆకుపచ్చ నుంచి గోధుమ రంగు దాకా ఉంటాయి. పొట్టి రకాల్లో ఆకుపచ్చ, పసుపు, నారింజ రంగులు మూడూ ఉన్నాయి. కనుక పచ్చని మట్ట ఉన్న మొక్కను రంగును బట్టి ఇది ఫలానా రకమని చెప్పలేం.

రంగు నికరంగా పనికొచ్చే సందర్భం ఒకటి ఉంది. నారింజ రంగు పొట్టి చెట్టును తల్లిగా పెట్టి, దాని మగపూలు తీసివేసి, పొడుగు రకం పుప్పొడి పట్టించి సంకర విత్తనం తీస్తారు. పుప్పొడి సరిగా పట్టిన కాయల నుంచి వచ్చిన మొక్కల మట్టలు గోధుమ రంగుకో, ఆకుపచ్చ కలిసిన గోధుమకో తిరుగుతాయి. తల్లిలాగే నారింజ రంగు మట్టతో వచ్చిందంటే సొంత పుప్పొడి పడిందన్నమాట. అది పొట్టి మొక్కే తప్ప సంకరం కాదు. నారుమడిలో అలాంటివాటిని ఏరి పక్కన పెడతారు. సంకరమని చెప్పి నారింజ మట్ట మొక్క ఇవ్వజూపితే రైతు వెనక్కి ఇచ్చేయవచ్చు.

గంగబొండం వంటి ఆకుపచ్చ రకం తల్లి అయితే రంగు సాయం చేయదు. అక్కడ బలమే గురుతు. ఒకే రోజున మొలకకు పెట్టిన వాటిలో సంకర మొక్క మొదలు లావుగా, ఎదుగుదల జోరుగా ఉంటుంది. అందుకే ఒంటరి మొక్కను చూసి కొనరాదు. మడిలో పక్కనున్న మొక్కలతో పోల్చి చూడాలి.

ఏ రకమైనా ఏడాది మొక్కకు కనీసం ఆరు ఆకులు ఉండాలి. మొదలు చుట్టుకొలత నాలుగంగుళాలకు తగ్గరాదు. తొలి ఆకులు చేపతోకలా అతుక్కుని ఉంటాయి. అవి ఎంత త్వరగా ఈనెలుగా విడిపోతే మొక్క అంత చురుకైనది. ఐదారు నెలలైనా మొలక రాని కాయలను తీసివేయడం మంచిది.

పొరుగువాని చెట్టు కాయ

పక్క తోటలో సంకర చెట్టు విరగకాస్తే ఆ కాయలనే పాతి మొక్కలు తీసేవారు ఉన్నారు. ఇది పెద్ద పొరపాటు. సంకర చెట్టు కాయ నాటితే కొన్ని తాతనూ, కొన్ని అమ్మమ్మనూ పోలి, తోట కలగాపులగమవుతుంది. సంకర మొక్క కావాలంటే ప్రతిసారీ పరిశోధనా స్థానం నుంచో, నమ్మకమైన ప్రభుత్వ నారుమడి నుంచో తెచ్చుకోవలసిందే.

పొడుగు రకానికి మాత్రం సొంత తోటలోనే విత్తనం చూసుకోవచ్చు. అయితే ఒక సంగతి గుర్తుంచుకోవాలి. పొడుగు చెట్టులో మగపూలు ముందుగా రాలిపోయి, ఆ తరువాతే ఆడపూలు పుప్పొడికి సిద్ధమవుతాయి. కనుక పుప్పొడి మరో చెట్టు నుంచి రావలసిందే. తల్లి మంచిదైనా చుట్టూ కాపు లేని చెట్లుంటే పిల్లలు నాసిరకంగా రావచ్చు. మంచి చెట్లు గుంపుగా ఉన్నచోటే తల్లిని ఎంచాలి. ఆ తల్లి నడివయసుదై, తలపై ముప్పైకి తగ్గకుండా ఆకులు నిలిచి, ఏటా 80 కాయలకు తగ్గకుండా కాసేదై ఉండాలి. గెల కాడ పొట్టిగా, గట్టిగా ఉండాలి. కాయ పదకొండు పన్నెండు నెలలు ముదిరి, ఊపితే నీరు గలగలమనాలి.

కొనేముందు అడగవలసినవి

తొలకరి పడగానే పలాస, టెక్కలి ప్రాంతాల్లో మొక్కల బేరాలు మొదలవుతాయి. డబ్బు ఇచ్చేముందు మూడు మాటలు అడగాలి. తల్లి చెట్టు ఏది? కాయ మొలకకు పెట్టినది ఎప్పుడు? మిగతా మడి చూపిస్తారా? మూడింటికీ సూటిగా జవాబు చెప్పలేనివారి దగ్గర మొక్క ఎంత చవకైనా ఖరీదైనదే.

పాతిక అడుగుల ఎడంతో నాటితే ఎకరానికి డెబ్బై మొక్కలు పడతాయి. ఆ డెబ్బై మొక్కల్ని ఒక్కొక్కటిగా వంగి చూడడానికి ఒక పూట చాలు. ఆ పూట బద్ధకిస్తే తప్పు తెలిసేది ఆరేడేళ్ల తరువాత.