అచ్చమాంబ రాయాలనుకున్న మూడో పుస్తకం

*దేశదేశాల స్త్రీల చరిత్రను తెలుగులో రాయాలని 1901 నాటికే ఒక తెలుగావిడ సంకల్పించారు. ఆమె కథను అచ్చేసిన పత్రిక ఏలూరులో పుట్టింది. ప్రపంచ చరిత్రతో ముడిపడిన స్త్రీల ఆనవాళ్లు నల్లజర్ల చుట్టుపక్కల ఊళ్లలోనే ఉన్నాయి. వాటన్నిటినీ ఒక్కచోట చేర్చే పని మాత్రం ఇంకా మిగిలే ఉంది.*

నల్లజర్ల నుంచి ఏ దారిన బయల్దేరినా గంట, గంటన్నరలో చరిత్రలో పేరున్న ఊరు ఒకటి తగులుతుంది. పడమటి వైపు వెళ్తే ఒకనాటి వేంగి రాజధాని పెదవేగి. తూర్పున నిడదవోలు. నైరుతిలో ఏలూరు, దాని పక్కనే చాటపర్రు. కొవ్వూరు దగ్గర గోదావరి దాటితే రాజమహేంద్రవరం. 2022లో జిల్లాల హద్దులు మారి నల్లజర్ల తూర్పు గోదావరిలోకి వెళ్లింది. తాడేపల్లిగూడెం పశ్చిమ గోదావరిలో ఉండిపోయింది. ఏలూరు తన పేరుతోనే ఒక జిల్లా అయింది. కాగితం మీద హద్దులు ఎలా ఉన్నా పెళ్లి సంబంధాలకీ, పిల్లల చదువులకీ, సంతలకీ ఇదంతా ఇప్పటికీ ఒకటే ప్రాంతం.

ఇక్కడి బడిలో పదో తరగతి అమ్మాయిని ప్రపంచ చరిత్రలో గొప్ప స్త్రీల పేర్లు చెప్పమంటే జోన్ ఆఫ్ ఆర్క్, ఫ్లోరెన్స్ నైటింగేల్, మేరీ క్యూరీ అని గబగబా చెప్పేస్తుంది. ఆ పేర్లు తెలియాల్సిందే. కానీ తాను రోజూ బస్సులో దాటే ఊళ్ల నుంచి ఒక్క పేరైనా ఆ వరసలో చేరదు. చరిత్ర అంటే ఎక్కడో దూరదేశాల్లో జరిగేదనీ, మన ఊళ్లో జరిగింది ముచ్చట మాత్రమేననీ పిల్లల మనసులో నాటుకుపోయింది. ఆ అడ్డుగోడను నూట ఇరవై ఏళ్ల కిందటే తొలగించాలని చూసిన రచయిత్రి భండారు అచ్చమాంబ.

బడి మెట్లెక్కని చరిత్రకారిణి

అచ్చమాంబ 1874లో నందిగామ దగ్గరి పెనుగంచిప్రోలులో పుట్టారు. చిన్నతనంలోనే తండ్రి పోయారు. పదేళ్లకు పెళ్లి చేశారు. భర్త భండారు మాధవరావు మధ్య భారతంలో ఇంజనీరుగా పనిచేసేవారు. ఆమెకు బడి చదువు లేదు. తమ్ముడు కొమర్రాజు వెంకట లక్ష్మణరావు చదువు కోసం అక్క ఇంటికి వచ్చి ఉన్నప్పుడు, అతని పక్కన కూర్చుని అక్షరాలు నేర్చుకున్నారు. తెలుగు, హిందీ, మరాఠీ పట్టుబడ్డాక సంస్కృతం, బెంగాలీ, గుజరాతీ, ఇంగ్లీషు వైపు వెళ్లారు. ఆ తమ్ముడే తర్వాత విజ్ఞాన చంద్రికా మండలి అనే ప్రచురణ సంస్థకు ప్రాణమై తెలుగులో చరిత్ర రచనకు బాట వేశారు. ఆ బాటలో అక్క ఆయన కన్నా ముందే అడుగుపెట్టారు.

1901లో ఆమె ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’ మొదటి భాగం వెలువడింది. సుమారు వెయ్యేళ్ల కాలంలో ఈ దేశంలో పేరుపొందిన స్త్రీల జీవితాలను అందులో పొందుపరిచారు. ఎందుకు రాస్తున్నారో ముందుమాటలో దాపరికం లేకుండా చెప్పారు. ఆడవాళ్లు బలహీనులు, వివేకం లేనివాళ్లు అన్న నింద అబద్ధమని చూపించడం ఒక ఉద్దేశం. చదువుకుంటే ఆడవాళ్లు చెడిపోతారనే వాదానికి జవాబివ్వడం రెండోది. తోటి స్త్రీల ముందు ఆదర్శప్రాయమైన జీవితాలను ఉంచడం మూడోది. ఎవరితోనూ వాదానికి దిగకుండా సాక్ష్యాలను వరసగా పేర్చుకుంటూ పోవడం ఆమె పద్ధతి. తెలుగులో స్త్రీల చరిత్రను ఒక స్త్రీ రాసిన తొలి పుస్తకంగా అది నిలిచింది.

అచ్చమాంబ వేసుకున్న పథకం ఇంకా పెద్దది. మొత్తం మూడు భాగాలు. మొదటిది భారతదేశ చరిత్రలోని స్త్రీలు. రెండోది వేద, పురాణ, బౌద్ధ కాలాల స్త్రీలు. మూడోది ఇంగ్లండు, అమెరికా మొదలైన దేశాల స్త్రీలు. పురాణకాలపు విదుషి, మన దేశపు రాణి, అమెరికా వనిత ఒకే రచనలో, ఒకే గౌరవంతో తెలుగు ఇంట్లోకి రావాలని ఆమె కోరిక. చరిత్ర పుస్తకాల్లో సామాన్య స్త్రీల జీవితాల గురించి ఏమీ దొరకడం లేదనీ, ఆ లోటును కాలేజీల్లో చదివే యువతులైనా పూడ్చాలనీ ఇంగ్లండులో వర్జీనియా వూల్ఫ్ అడిగింది 1929లో. అప్పటికి ఇరవై ఎనిమిదేళ్ల ముందే, ఏ కాలేజీ గడపా తొక్కని తెలుగు స్త్రీ తన భాషలో ఆ పనికి పూనుకున్నారు.

పని పూర్తి కాలేదు. 1905 జనవరిలో, ముప్పై ఏళ్ల వయసులో అచ్చమాంబ కన్నుమూశారు. ప్లేగు రోగులకు సేవ చేస్తూ జబ్బుపడ్డారని చెబుతారు. రెండో భాగం మధ్యలో ఆగింది. మూడో భాగం మొదలే కాలేదు.

ఏలూరులో పుట్టిన పత్రిక

అచ్చమాంబ కలానికి తోడు నిలిచింది ఏలూరు. 1902లో సత్తిరాజు సీతారామయ్య ఇక్కడ ‘హిందూ సుందరి’ అనే స్త్రీల మాసపత్రికను ప్రారంభించారు. అంతకుముందు స్త్రీల కోసం వీరేశలింగం ‘సతీహితబోధిని’, రాయసం వెంకటశివుడు ‘తెలుగు జనానా’ నడిపారు. అవి మగవాళ్లు ఆడవాళ్లకు హితవు చెప్పే పత్రికలు. ‘హిందూ సుందరి’ మరో అడుగు ముందుకేసింది. కొద్దికాలానికే సంపాదక బాధ్యతలు మొసలికంటి రమాబాయమ్మ, వెంపలి శాంతాబాయమ్మల చేతికి వచ్చాయి. తర్వాత పత్రిక కాకినాడకు మారి దశాబ్దాల పాటు నడిచింది.

అచ్చమాంబ ‘ధన త్రయోదశి’ కథ 1902లో ఈ పత్రికలోనే వచ్చింది. దీపావళి పండుగ రోజులు. ఇంట్లో చేతిలో చిల్లిగవ్వ లేదు. పిల్లలకు పండుగ చేయలేని బాధతో భర్త యజమాని సొమ్ముకు ఆశపడతాడు. భార్య విజయలక్ష్మి ఆ డబ్బు ముట్టదు, భర్తను ముట్టనివ్వదు. మంచి చెడ్డల నిర్ణయం ఆ ఇంట్లో ఆమె చేతిలో ఉంది. గురజాడ ‘దిద్దుబాటు’ 1910లో వచ్చింది. దానికి ఎనిమిదేళ్ల ముందు రాసిన ఈ కథను తెలుగు తొలి కథల వరసలో చేర్చాలని సాహిత్య చరిత్రకారులు ఇవాళ గట్టిగా చెబుతున్నారు.

అదే 1902లో అచ్చమాంబ ఓరుగంటి సుందరీ రత్నమాంబతో కలిసి మచిలీపట్నంలో బృందావన స్త్రీ సమాజాన్ని స్థాపించారు. తర్వాత ఊరూరా తిరిగి సమాజాలు పెట్టించారు. ఆనాడు ప్రపంచం ఎలా ఉందో గుర్తు చేసుకుంటే ఈ పని విలువ తెలుస్తుంది. దేశమంతటా స్త్రీలకు పార్లమెంటు ఓటున్న దేశం అప్పటికి న్యూజిలాండ్ ఒక్కటే. ఆస్ట్రేలియా సరిగ్గా 1902లో ఇచ్చింది, అదీ అక్కడి ఆదివాసులను మినహాయించి. లండన్, పారిస్, న్యూయార్క్ మహిళలకే దేశ ఎన్నికల్లో ఓటు లేని రోజుల్లో ఏలూరు, మచిలీపట్నం ఆడవాళ్లు పత్రికలు చదివారు, సభలు పెట్టారు, నలుగురి ముందూ నిలబడి మాట్లాడారు.

వేంగి మహారాణులు, నిడదవోలు కోడలు

ఆ మూడో పుస్తకం ఇవాళ ఎవరైనా రాస్తే, దేశదేశాల స్త్రీల పక్కన మన ప్రాంతం నుంచి ఎవరికి చోటు దక్కాలి? పెదవేగితో మొదలుపెట్టొచ్చు. పదకొండో శతాబ్దం తొలినాళ్లలో చోళ చక్రవర్తి మొదటి రాజరాజు కూతురు కుందవ్వ వేంగి చాళుక్య రాజు విమలాదిత్యుడి భార్యగా ఇక్కడికి వచ్చింది. ఆమె కొడుకే నన్నయ చేత భారతం రాయించిన రాజరాజ నరేంద్రుడు. అతని భార్య అమ్మంగదేవి మొదటి రాజేంద్ర చోళుడి కూతురు. వాళ్ల కొడుకు 1070లో తల్లి వైపు హక్కుతో చోళ సింహాసనమెక్కి కులోత్తుంగుడయ్యాడు. 1077లో చోళ రాజ్యం నుంచి చైనా సోంగ్ చక్రవర్తి కొలువుకు రాయబారం వెళ్లింది ఇతని కాలంలోనే. చోళ, చాళుక్య రాజ్యాలు రెండూ ఒకే చేతికి రావడానికి కారణం ఈ ఇద్దరు స్త్రీలు. పాఠాల్లో మాత్రం రాజుల పేర్లే వరసగా కనిపిస్తాయి.

నిడదవోలు కథ మనవాళ్లకు కొంత తెలుసు. కాకతీయ రుద్రమదేవిని పెళ్లాడిన వీరభద్రుడు నిడదవోలు చాళుక్య వంశీయుడు. అంటే ఆమె ఈ ఊరి కోడలు. గణపతిదేవుడి తర్వాత పాలన చేపట్టి, సామంతుల తిరుగుబాట్లను అణచి, 1289 దాకా రాజ్యమేలింది. శాసనాలు ఆమెను రుద్రదేవ మహారాజుగా పేర్కొన్నాయి. మోటుపల్లి రేవు గురించి రాసిన వెనిస్ యాత్రికుడు మార్కో పోలో ఇక్కడి రాణి న్యాయపాలననూ, ఈ రాజ్యపు సన్నని బట్టలనూ మెచ్చుకున్నాడు. కానీ ఆమెను చనిపోయిన రాజు భార్య అని రాసుకున్నాడు. నిజానికి ఆమె రాజు కూతురు. తండ్రి సింహాసనం కూతురికి దక్కుతుందన్న ఊహ ఆ ప్రపంచ యాత్రికుడికి తట్టినట్టు లేదు. మన చరిత్రను మనం రాసుకోకపోతే ఇలాంటి పొరపాట్లే శాశ్వతంగా నిలిచిపోతాయి.

నగలు, టికెట్టు, రాజ్యాంగం

1921 ఏప్రిల్ మొదట్లో బెజవాడ కాంగ్రెస్ సమావేశాలు ముగించుకుని గాంధీజీ గోదావరి జిల్లాల్లో పర్యటించారు. ఆ ఏడాది తన నగలన్నీ స్వరాజ్య నిధికి ఇచ్చేసిన వారిలో మాగంటి అన్నపూర్ణాదేవి ఒకరు. ‘ఆంధ్ర సర్వస్వము’ ప్రచురించిన చాటపర్రు వాసి మాగంటి బాపినీడు సతీమణి ఆమె. 1927లో చిన్న వయసులోనే మరణిస్తే గాంధీజీ ‘యంగ్ ఇండియా’లో ఆమెను స్మరిస్తూ రాశారు. గోదావరి డెల్టా ఇల్లాలి పేరు ఆ పత్రిక ద్వారా దేశమంతటికీ తెలిసింది.

గోదావరి అవతలి గట్టున రాజమహేంద్రవరంలో 1909లో దుర్గాబాయి పుట్టారు. 1923 కాకినాడ కాంగ్రెస్‌లో స్వచ్ఛంద సేవికగా ప్రదర్శనశాల ద్వారం దగ్గర నిలబడి, టికెట్టు లేదని జవహర్‌లాల్ నెహ్రూను ఆపేశారు. ఉప్పు సత్యాగ్రహంలో జైలుకెళ్లారు. చదువు మధ్యలో మానేసిన ఆమె, తర్వాత పట్టుబట్టి లాయరయ్యారు. 1937లో మద్రాసులో ఆంధ్ర మహిళా సభను స్థాపించారు. రాజ్యాంగ సభలోని పదిహేనుమంది స్త్రీలలో ఆమె ఒకరు. 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి తొలి అధ్యక్షురాలయ్యారు. అదే ఏడాది చైనా వెళ్లి అక్కడి కుటుంబ న్యాయస్థానాలను చూసి, అలాంటివి మనకూ కావాలని తిరిగొచ్చాక గట్టిగా కోరారు. మన పార్లమెంటు కుటుంబ న్యాయస్థానాల చట్టం చేసింది 1984లో. భార్యాభర్తల తగాదాలు నేడు ఆ కోర్టుల ముందుకు వస్తున్నాయంటే, వెనుక ఈ గోదావరి ఆడబిడ్డ పరదేశంలో చూసి వచ్చిన పాఠం ఉంది.

మన ప్రాంతానికి దూరమైనా, చదువుకూ రాజకీయానికీ ఉన్న ముడిని నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు 1992లో మళ్లీ చూపించారు. రాత్రి బడిలో అక్షరాలు దిద్దుకున్న ఆ కూలి స్త్రీలు సారా దుకాణం మూయించారు. వాళ్లు రగిలించిన ఉద్యమం రాష్ట్రమంతా పాకింది. 1995లో మద్య నిషేధం వచ్చింది. తర్వాత ఆ నిషేధాన్ని సడలించినా, ప్రభుత్వ విధానాన్ని పల్లెటూరి స్త్రీలు మార్చగలరన్న నిజం చరిత్రకెక్కింది.

ఎప్పుడు ఎవరికి ఓటు?

1893: న్యూజిలాండ్ స్త్రీలకు పార్లమెంటు ఎన్నికల్లో ఓటు.

1906: ఫిన్లాండ్‌లో ఓటుతో పాటు పోటీ చేసే హక్కు.

1918: బ్రిటన్‌లో ముప్పై ఏళ్లు నిండిన, కొన్ని అర్హతలున్న స్త్రీలకు. మగవాళ్లతో సమానంగా 1928లో.

1920: అమెరికా రాజ్యాంగానికి పంతొమ్మిదో సవరణ.

1921: మన జిల్లాలు భాగంగా ఉన్న మద్రాసు ప్రెసిడెన్సీలో ఆస్తి అర్హతలున్న స్త్రీలకు.

1944: ఫ్రాన్స్.

1950: భారత రాజ్యాంగంతో వయోజనులందరికీ.



1971: స్విట్జర్లాండ్ జాతీయ ఎన్నికల్లో.

ఆ పుస్తకం మనం రాద్దాం

1991లో న్యూయార్క్‌లోని ఫెమినిస్ట్ ప్రెస్ ప్రచురించిన భారతీయ రచయిత్రుల సంకలనంలో అచ్చమాంబకు చోటు దక్కింది. దేశదేశాల స్త్రీలను తెలుగువాళ్లకు పరిచయం చేయాలనుకున్న ఆమెనే చివరికి ప్రపంచానికి పరిచయం చేశారు. ఆమె తలపెట్టిన పని మాత్రం మన బాకీ.

ఆ బాకీ తీర్చడానికి పెద్ద నిధులు అక్కర్లేదు. 73వ సవరణ 1993లో అమల్లోకి వచ్చాక ఈ ప్రాంతపు పంచాయతీల్లో సర్పంచులుగా, వార్డు సభ్యులుగా పనిచేసిన స్త్రీలు ఎందరో మన మధ్యే ఉన్నారు. డ్వాక్రా సంఘాల తీర్మానాల పుస్తకాలు ఇళ్లలో పెట్టెల్లో ఉన్నాయి. కొల్లేటి లంకల్లో చేపల బుట్టలు మోసి పిల్లల్ని చదివించిన తల్లులు ఉన్నారు. వాళ్ల మాటలు ఇప్పుడే రాసుకోకపోతే మరో తరానికి అందవు. సాంఘిక శాస్త్రం చెప్పే టీచర్లు ఈ ఏడాది పిల్లల ప్రాజెక్టుగా ఇదే ఇవ్వాలి. ఒక్కో విద్యార్థి ప్రపంచ చరిత్ర నుంచి ఒక స్త్రీని, సొంత ఊరి నుంచి ఒక స్త్రీని ఎంచుకుని, తేదీలు, ఆధారాలు సరిచూసుకుని ఇద్దరి చరిత్రా పక్కపక్కనే రాయాలి. అచ్చమాంబ చేసినట్టు సాక్ష్యం చూపించి రాయాలి.

పాఠకులకు ఒక మనవి. ఈ వారం మీ ఊరి శాఖా గ్రంథాలయానికి వెళ్లి ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’ ఉందా అని అడగండి. లేకపోతే తెప్పించమని సూచనల పుస్తకంలో రాసి సంతకం పెట్టండి. మీ అమ్మాయినీ వెంట తీసుకెళ్లండి. మూడో భాగం రాయాల్సిన వాళ్లలో ఆమె కూడా ఉంది.