పవర్ ఎలక్ట్రానిక్స్ ఆన్‌లైన్ చదువు: అపోహలు – వాస్తవాలు

మామూలు సీలింగ్ ఫ్యాన్ 70–75 వాట్లు తింటుంది. బీఎల్‌డీసీ ఫ్యాన్‌కు 30 వాట్ల చిల్లర చాలు. ఆ మోటారును నడిపే చిన్న బోర్డంతా పవర్ ఎలక్ట్రానిక్సే. సోలార్ ఇన్వర్టర్‌లో, ఫోన్ చార్జర్‌లో ఉన్నదీ ఈ విద్యే. దీన్ని ఆన్‌లైన్‌లో నేర్చుకోబోయే మన కుర్ర ఇంజినీర్లను కొన్ని అపోహలు మొదట్లోనే ఆపేస్తున్నాయి.

అపోహ: మంచి పాఠాలకు వేలు పోయాలి.

వాస్తవం: ఐఐటీలు, బెంగళూరు ఐఐఎస్‌సీ కలిసి 2003లో మొదలుపెట్టిన ఎన్‌పీటెల్‌లో ఈ పాఠాలు ఉచితం. పరీక్ష రాసి సర్టిఫికెట్ తీసుకునేవాళ్లకే ఫీజు. ఎంఐటీ ఓపెన్‌కోర్స్‌వేర్ పాఠాలకూ, ఎల్‌టీస్పైస్ సిమ్యులేటర్‌కూ పైసా కట్టనక్కర్లేదు.

అపోహ: 95 శాతం ఎఫిషియెన్సీ చాలు. ఇంకో రెండు శాతం కోసం ఇంత చదువెందుకు?

వాస్తవం: లెక్క నష్టం వైపు నుంచి చూడాలి. 100 వాట్లు ఇచ్చే సప్లై 95 శాతం దగ్గర సుమారు 5.3 వాట్లు వేడిగా పోగొడుతుంది. 97.5 శాతానికి చేరితే పోయేది 2.6 వాట్లే. వేడి సగానికి పడిపోయింది కాబట్టి హీట్ సింక్ చిన్నదవుతుంది, పక్కనున్న ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లు ఎక్కువకాలం మన్నుతాయి.

అపోహ: చిప్ కంపెనీల పత్రాలన్నీ ప్రచారమే.

వాస్తవం: కంపెనీ తన సరుకునే చూపిస్తుంది, నిజమే. అయినా టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్, ఇన్ఫినియన్ లాంటి కంపెనీల అప్లికేషన్ నోట్స్‌లో కనిపించే ఆచరణ లెక్కలు చాలా పాఠ్యపుస్తకాల్లో దొరకవు. చదవడం మాత్రం తెలియాలి. ఉదాహరణకు, ఒక మాస్‌ఫెట్ స్విచ్ డేటాషీట్ మొదటి పేజీలో ఆన్ రెసిస్టెన్స్ 10 మిల్లీఓమ్‌లని పెద్దక్షరాల్లో ఉంటుంది. అది 25 డిగ్రీల దగ్గరి మాట. లోపలి గ్రాఫ్ తీస్తే, సిలికాన్ భాగం 150 డిగ్రీలకు వేడెక్కేసరికి ఆ విలువ దాదాపు రెట్టింపు కావడం కనిపిస్తుంది. 10 ఆంపియర్లు పారితే 1 వాట్ అనుకున్న నష్టం 2 వాట్లవుతుంది. మొదటి పేజీతో సరిపెట్టుకున్నవాడి బోర్డు వేడెక్కడానికి ఇదొక్కటి చాలు.

అపోహ: సిమ్యులేషన్‌లో పనిచేస్తే బోర్డు మీదా పనిచేస్తుంది.

వాస్తవం: మీరు గీసిన సర్క్యూట్‌లో రాగి ట్రాక్‌కు ఇండక్టెన్స్ లేదు, బోర్డుకు ఉంది. సెంటీమీటరు ట్రాక్‌కు సుమారు 10 నానోహెన్రీలు. అందులో 10 ఆంపియర్లు 10 నానోసెకన్లలో ఆగితే 10 వోల్టుల స్పైక్ లేస్తుంది. గాలియం నైట్రైడ్ స్విచ్‌లు కరెంటును ఇంకా వేగంగా ఆపుతాయి కనుక, పాత లేఅవుట్‌లో వాటిని పెట్టినంత మాత్రాన లాభం రాదు. కొలవడంలోనూ మెలకువ కావాలి. ఆసిలోస్కోప్ ప్రోబ్‌కున్న పొడుగాటి గ్రౌండ్ తీగ లేని రింగింగ్‌ను చూపిస్తుంది. దాన్ని తీసేసి, కొనకు పొట్టి స్ప్రింగ్ తగిలించి చూడాలి.

అపోహ: సర్టిఫికెట్ ఉంటే పని వచ్చినట్టే.

వాస్తవం: మీ కన్వర్టర్‌లో ఎన్ని వాట్లు ఎక్కడ పోతున్నాయో చెప్పగలిగితే పని వచ్చినట్టు.

కాబట్టి పాఠం వింటూనే 12 వోల్టుల నుంచి 5 వోల్టులకు దించే బక్ కన్వర్టర్ ఒకటి చేయండి. లోపలికి వెళ్లే వోల్టేజీ, కరెంటు, బయటికి వచ్చే వోల్టేజీ, కరెంటు కొలిచి, మీ లెక్కతో పోల్చండి. 230 వోల్టుల మెయిన్స్ జోలికి మాత్రం అనుభవజ్ఞులు పక్కన లేకుండా వెళ్లకండి. రెక్టిఫై అయ్యాక అది దాదాపు 325 వోల్టులు. ప్లగ్ పీకేశాక కూడా కెపాసిటర్‌లో నిలిచే ఉండొచ్చు.