పేస్‌మేకర్ పెట్టించుకున్నారా? ఆ కార్డు ఎక్కడుందో ఇప్పుడే చూడండి

పత్తికి మందు కొట్టే ట్యాంకు భుజాన వేసుకుంటే, దాని పట్టీ సరిగ్గా పేస్‌మేకర్ ఉన్న చోటే, అంటే కాలరు ఎముక కిందే ఒరుసుకుంటుంది. యార్డులో మిరప టిక్కీలు మోసేవారికీ అంతే. గుంటూరు, ప్రకాశం పల్లెల్లో ఈ పరికరంతో బతుకుతున్నవారు ముందుగా తెలుసుకోవాల్సింది ఇదే.

పరికరంలో ఉండేవి రెండే: బ్యాటరీ ఉన్న చిన్న డబ్బా, అక్కడి నుంచి రక్తనాళం గుండా గుండెలోకి వెళ్లే తీగ. ఎక్కువగా ఇబ్బంది పెట్టేది తీగే. అమర్చిన కొత్తలో చేయి భుజం పైకెత్తినా, బరువులు లేపినా అది పక్కకు జరగొచ్చు. అందుకే నాలుగు నుంచి ఆరు వారాలు జాగ్రత్త అంటారు. ఏళ్లు గడిచాక ఒత్తిడికి విరగనూవచ్చు. బ్యాటరీ సాధారణంగా 8 నుంచి 12 ఏళ్లు వస్తుంది. అది ఉన్నట్టుండి ఆగిపోదు, నెలల ముందే సంకేతమిస్తుంది. అయితే ఆ సంకేతం కనపడేది పరీక్ష యంత్రానికే, మీకు కాదు. బాగానే ఉన్నామని చెకప్ మానేస్తే చిక్కు అక్కడే.

కళ్లు తిరగడం, స్పృహ తప్పడం, ఆగని ఎక్కిళ్లు, నాడి డాక్టరు చెప్పిన అంకె కన్నా తగ్గడం, డబ్బా చుట్టూ వాపు, ఎరుపు, చీము... వీటిలో ఏది కనిపించినా ఆసుపత్రికి వెళ్లండి. స్పృహ తప్పితే 108కి ఫోన్ చేయాలి. ఎర్త్ సరిగాలేని బోరు మోటారు స్టార్టరును ముట్టుకోవద్దు. లీకైన కరెంటును పరికరం గుండె చప్పుడే అనుకుని తన పని ఆపేయొచ్చు. వెల్డింగ్ పనికి డాక్టరును అడగనిదే వెళ్లొద్దు. సెల్‌ఫోన్‌తో అంత భయం లేదు. చొక్కా జేబులో పెట్టుకోకుండా 15 సెంటీమీటర్ల దూరంలో ఉంచితే చాలు.

ఇక కార్డు సంగతి. ఒక కంపెనీ పేస్‌మేకర్‌ను ఇంకో కంపెనీ యంత్రం చదవలేదు. కంపెనీ, మోడల్, సీరియల్ నంబర్లు ఉన్న కార్డు లేకపోతే అత్యవసరంలో ఎక్స్‌రే తీసి గుర్తు వెతకాల్సి వస్తుంది. కార్డును ఫొటో తీసి ఇంట్లోవాళ్ల ఫోన్లలోనూ ఉంచండి. పోగొట్టుకుంటే, అమర్చిన ఆసుపత్రిలో రికార్డు అడగండి.

ఆరోగ్యశ్రీలో, అంటే ఇప్పటి ఎన్టీఆర్ వైద్యసేవలో పెట్టించుకున్నవారు బ్యాటరీ మార్పు ఏ ప్యాకేజీ కిందకు వస్తుందో వైద్యమిత్రను ముందే అడగాలి. 104కూ ఫోన్ చేయొచ్చు. పరికరంలోనే లోపం ఉందని తేలితే, ఘాజియాబాద్‌లోని ఇండియన్ ఫార్మకోపియా కమిషన్‌కు 1800-180-3024 టోల్‌ఫ్రీ నంబరులో తెలపండి. వైద్య పరికరాల లోపాలను నమోదు చేసే మెటీరియోవిజిలెన్స్ కార్యక్రమం 2015 నుంచి నడుస్తోంది. రోగులూ ఫిర్యాదు చేయొచ్చు. అప్పుడూ మొదట అడిగేది ఆ కార్డులోని నంబర్లే.