చర్మంపై అలర్జీ పరీక్ష: ఫలితం నమ్మదగినదిగా ఉండాలంటే

నాగార్జునసాగర్ ఎడమ కాలువ కింద వరి పండే నల్లగొండ జిల్లా దామరచర్ల మండలంలో నూర్పిడి ధూళి, గట్లపై వయ్యారిభామ, పొరుగున మిర్యాలగూడ రైస్ మిల్లుల ఊకపొడి నిత్యజీవితంలో భాగమే. తుమ్ములు, ఆయాసం, దురదతో బాధపడేవారు కారణం తెలుసుకొనుటకు ఒక రోజు కూలి వదులుకొని పట్టణానికి వెళ్లి ప్రిక్ టెస్ట్ చేయించుకొంటారు. ముందుజాగ్రత్తలు పాటించకపోతే ఆ శ్రమ, వ్యయం వృథా కాగలవు.

ఈ పరీక్షలో ముంజేతిపై అలర్జీ కారకాల ద్రావణాల చుక్కలుంచి, సూదిమొనతో చర్మం పైపొరను తాకి, 15 నుండి 20 నిమిషాల తరువాత ఏర్పడిన దద్దురును కొలుస్తారు. పక్కనే హిస్టమిన్ చుక్క, ఉప్పునీటి చుక్క కూడా ఉంచుతారు. ఉప్పునీటి చోటు కంటే కనీసం 3 మిల్లీమీటర్లు ఎక్కువగా ఉబ్బితేనే ఫలితం పాజిటివ్. హిస్టమిన్ చోటు ఉబ్బకపోతే మిగిలిన నెగటివ్ ఫలితాలకు విలువ లేదు. ఉప్పునీటి చోటే ఉబ్బితే, గీరితే చాలు తట్టుదేలే చర్మతత్వం ఉండవచ్చు.

హిస్టమిన్ పని చేయకపోవుటకు ప్రధాన కారణం మందులు. సెట్రిజిన్ వంటి బిళ్లలను సాధారణంగా పరీక్షకు వారం ముందు ఆపవలసి ఉంటుంది. అలర్జీ మందు వాడలేదని చెప్పేవారు సైతం జలుబు బిళ్లల్లో, దగ్గు సిరప్‌లలో అదే తరగతి మందును తెలియక సేవిస్తుంటారు. ముంజేతిపై రాసే స్టెరాయిడ్ లేపనం, అమిట్రిప్టిలిన్ వంటి మందులు కూడా దద్దురును అణచివేస్తాయి. అయితే వైద్యుని అనుమతి లేనిదే ఏ మందూ మానరాదు. ఉబ్బసపు ఇన్‌హేలర్‌ను ఆపడం ప్రమాదకరం.

ద్రావణాలను 2 నుండి 8 డిగ్రీల సెల్సియస్ చల్లదనంలో నిల్వ చేయకపోతే శక్తి తగ్గుతుంది. చుక్కల మధ్య కనీసం 2 సెంటీమీటర్ల దూరం లేకపోతే ఒకదాని ఉబ్బు మరొకదానిలో కలిసిపోతుంది. పసిపిల్లలలో, వృద్ధులలో దద్దురు చిన్నదిగా వస్తుంది.

వయ్యారిభామ వలన ముఖం, మెడపై వచ్చే చర్మవ్యాధిని నిర్ధారించుటకు ప్రిక్ టెస్ట్ చాలదు. దానికి వీపుపై పట్టీలు అంటించి 48 గంటల తరువాత, మరల ఒకటి రెండు రోజులకు చూసే ప్యాచ్ టెస్ట్ అవసరం. ఆ రోజుల్లో వీపు తడవరాదు, చెమట పట్టే పొలం పనులు చేయరాదు. ఇక సిమెంటు ధూళి, ఊకపొడి కేవలం ఒరిపిడితో కలిగించే దగ్గు ఏ చర్మ పరీక్షలోనూ కనిపించదు.

పాజిటివ్ అంటే శరీరం ఆ పదార్థాన్ని గుర్తుపట్టిందని మాత్రమే. తిన్నప్పుడు ఏ బాధా లేకున్నా కాగితం చూసి పిల్లలకు గుడ్డు, పాలు మాన్పించడం తరచుగా జరిగే పొరపాటు. కనుక ఏ పదార్థం తిన్న ఎంతసేపటికి, ఏ పని చేసినప్పుడు బాధ మొదలయిందో రాసుకొని, వాడుతున్న మందుల అట్టలతో సహా వైద్యునికి చూపవలెను.