అపరిచితునిపై అనుమానము

తిరుపతి నుండి చెన్నైకి పోవు మార్గములో పుత్తూరునకు ముందు వచ్చు వడమాలపేటలోనో, ఆ మండలమునందే ప్రసన్న వేంకటేశ్వరస్వామి కొలువైయున్న అప్పలాయగుంటలోనో, ఒక డిప్లొమా విద్యార్థి, పెద్దలు మండపముల రాతినేలపై గీతలు గీచి ఆడుకొనిన పులిమేక ఆటను సెలవులలో కూర్చుండి కంప్యూటరునకు ఎక్కించెననుకొందము. 3 పులులు, 15 మేకలు, వాని నడకలు, ఎత్తులు అన్నియు పైథాన్ భాషలో వ్రాసి, పైఇన్‌స్టాలర్ అను ఉచిత సాధనముతో ఒకే ఫైలుగా కూర్చి, ఇంటర్నెట్టు ద్వారా మిత్రునకు పంపెను. మిత్రుడు దానిని తెరవబోగా తెరపై నీలిరంగు పలక లేచి, దీని ప్రచురణకర్త ఎవరో తెలియదని హెచ్చరించెను. దానిని దాటి ముందుకు పోగా యాంటీవైరసు మేల్కొని, 'ట్రోజన్' అని పేరుపెట్టి ఫైలును క్వారంటైనులో బంధించెను. మేకలను మింగుట తప్ప వేరొక పాపమెరుగని పులులు ఇట్లు దొంగల జాబితాకెక్కినవి. నిర్దోషిని దోషిగా ఎంచు ఈ పొరపాటునే ఆ రంగమువారు ఫాల్స్ పాజిటివ్ అందురు.

యాంటీవైరసు ఏ ఫైలు యొక్క అంతరంగమునూ సంపూర్ణముగా చదువజాలదు. పూర్వము అది దొరికిన వైరసుల ఆనవాళ్లను పట్టీగా వ్రాసికొని, వచ్చిన ప్రతి ఫైలును ఆ పట్టీతో సరిచూచెడిది. దినదినమును లెక్కకు మిక్కిలిగా కొత్త వైరసులు పుట్టుచుండుటచే ఆ పద్ధతి చాలక, ఫైలు నడవడికను, నిర్మాణమును, లోకములో దానికిగల పరిచయమును బట్టి అంచనాకట్టు పద్ధతులు వచ్చినవి. ఊరి తలారి అర్ధరాత్రి మూటతో వచ్చు కొత్తవానిని దొంగయని తెలిసి ఆపడు, ఎవరో తెలియక ఆపును, ఇదియు నట్టిదే. మైక్రోసాఫ్ట్ డిఫెండర్ తరచుగా చూపు 'వాకటాక్' అను పేరు చివర 'ఎంఎల్' అను అక్షరములున్నచో, ఆ తీర్పు యంత్రాభ్యాసము చేసిన ఊహయేగాని పట్టుబడిన సాక్ష్యము కాదని గ్రహింపవలెను.

ఇక పులిమేక ఆటపైననే ఆ అనుమానమేల? పైఇన్‌స్టాలర్‌తో కూర్చిన ప్రతి ఫైలు ముందుభాగమునను బూట్‌లోడర్ అను చిన్న ప్రోగ్రాము ఉండును. అదే సాధనమును వైరసులు వ్రాయువారును వాడుటచే, ఆ ముందుభాగమే దొంగ ఆనవాలుగా కొన్ని పట్టీలకెక్కినది. అంతేకాక, ఒకే ఫైలుగా కూర్చిన ఆట తెరచినప్పుడెల్ల తన సరంజామానంతటిని తాత్కాలిక ఫోల్డరులో విప్పుకొని అచ్చటినుండి నడచును. పలు వైరసుల నడతయు నిట్లే యుండును. పరిమాణము తగ్గవలెనని యుపిఎక్స్ వంటి సాధనముతో ఫైలును బిగించినచో, లోపలి సరుకు కనబడక అనుమానము మరింత బలపడును. పైపెచ్చు, ఒక్క మేక బొమ్మ రంగు మార్చి ఆటను తిరిగి కూర్చినను అది కొత్త ఫైలేయగును. అంతవరకు సంపాదించిన పరిచయమంతయు వృథాయై, గణన సున్న నుండి మొదలగును.

ఈ పొరపాట్లు పసివారి ప్రోగ్రాములకే పరిమితములు కావు. 2010 ఏప్రిల్‌లో యాంటీవైరసు సంస్థయగు మెకాఫీ విడుదలచేసిన ఒక నవీకరణ విండోస్ ఎక్స్‌పీలోని ముఖ్యమైన ఫైలునే వైరసుగా ఎంచుటచే, అనేక దేశములలో కంప్యూటరులు మాటిమాటికి ఆగి మొదలగుచు నిరుపయోగములయ్యెను. 2012 సెప్టెంబరులో అట్టి సంస్థయే యగు సోఫోస్ తన నవీకరణ భాగమును తానే దోషిగా పట్టుకొనెను. ప్రతి వైరసును తప్పక పట్టుచు, ఏ నిర్దోషినీ పట్టని పరిపూర్ణమైన ప్రోగ్రామును వ్రాయుట అసాధ్యమని కంప్యూటరు శాస్త్రజ్ఞుడు ఫ్రెడ్ కోహెన్ 1980ల దశకములోనే గణితరీత్యా నిరూపించెను. అయితే పెద్ద సంస్థ ఫైలు పట్టుబడినచో లోకమంతయు గగ్గోలుపెట్టును, గంటలలో దిద్దుబాటు వచ్చును. వడమాలపేట విద్యార్థి ఫైలు పట్టుబడినచో తానే నోరు విప్పవలెను.

మన ప్రాంతమునకు చేరువలో చెన్నైయందు కె7, పుణెలో కట్కర్ సోదరుల క్విక్ హీల్ ఈ కావలి విద్యలో పేరొందిన దేశీయ సంస్థలు. కేంద్రప్రభుత్వము 2017 ఫిబ్రవరిలో ఆరంభించిన సైబర్ స్వచ్ఛతా కేంద్రము ప్రజలకు ఉచితముగా అందించిన సాధనములలో హైదరాబాదు సీడాక్ సంస్థవారు రూపొందించిన యాప్‌సంవిద్ ఒకటి. దాని నీతి మరింత కఠినము: అనుమతి పట్టీలోనున్న ప్రోగ్రామునే నడువనిచ్చును, తక్కినవానిని వాకిటనే నిలుపును. అట్టిచోట పులిమేక నిర్దోషిత్వముతో పనిలేదు. ఎవరైనను దాని పేరును పట్టీలో చేర్చవలసినదే.

కర్తవ్యమేమన: మొదట తన కంప్యూటరునే శోధించుకొనవలెను, కాలేజీ ల్యాబులలోను, నెట్ సెంటర్లలోను తిరిగిన పెన్‌డ్రైవుల ద్వారా నిజమైన వైరసు ఆటలో దూరియుండుటయు సంభవమే. పిమ్మట ఒకే ఫైలుగా కాక ఫోల్డరుగా కూర్చి, యుపిఎక్స్ మానవలెను. చేతనైనచో బూట్‌లోడరును స్వయముగా కంపైలు చేసికొనవలెను. స్పెయిన్‌లో 2004లో పుట్టి నేడు గూగుల్ చేతనున్న వైరస్‌టోటల్‌లో ఆ ఫైలునుంచినచో పదులకొలది యాంటీవైరసుల అభిప్రాయమొక్కమారే తెలియును. తప్పుపట్టిన సంస్థకు ఫైలును పునఃపరిశీలనకై పంపవలెను. మైక్రోసాఫ్ట్ మొదలగు ప్రధాన సంస్థలన్నియు దీనికి ఉచితమైన ఏర్పాటు చేసియున్నవి. డిజిటల్ సంతకపు సర్టిఫికెట్టు మేలైన ఉపాయమేగాని, దాని ఖర్చు విద్యార్థికి భారము; 2023 జూన్ నుండి దాని రహస్యపు తాళపుచెవిని ప్రత్యేక పరికరములో భద్రపరచవలెనను నిబంధనయు వచ్చినది. ఆటను బ్రౌజరులోనే ఆడునట్లు మలచినచో ఈ తంటాలు చాలవరకు తప్పును.

చేయరాని పని ఒక్కటి కలదు. "యాంటీవైరసు ఆపివేసి ఆడుకోరా" అని మిత్రునకు చెప్పరాదు. దొంగ ఆటలలో వైరసు నింపి పంచువారును సరిగా ఆ మాటయే చెప్పుదురు. ఒకమారు ఆ మాట విని అలవాటుపడినవాడు రేపు నిజమైన దొంగ చెప్పినప్పుడును వినును. స్వంత ఆటను పంచువారు ఎంత విసిగినను కావలివానిని నిద్రపుచ్చక, తమ్మును తాము అతనికి ఎరుకపరచుకొనుటయే ధర్మము.